ముప్ఫైలో తొమ్మిది

ఐసెల్ నది గట్టు దిగువన, ఆవులు ఖాళీ చేసిన కొట్టంలో
పది పైపులు పాతాం ఆ నవంబరులో.
ఏ విడతకు ఏ పైపులో నీళ్లు వదలాలో
పాచికలు వేసి రాసింది నేను.
చీటీని కవరులో పెట్టి లక్కతో మూసి పంపేసి
ఆ రోజంతా కొట్టం ఛాయలకు పోలేదు.
నా ముఖం చూసి ఎవరూ జవాబు చదవకూడదు కదా.
పద్ధతి అంటే అది. దాన్ని నేను ప్రేమించాను,
కొందరు ప్రార్థనను ప్రేమించినట్టు.

వచ్చినవాడు ఫొక్కె వీర్స్మా.
కాలువ లాకుల దగ్గర ముప్ఫై ఆరేళ్లు
గేట్లు ఎత్తి దించినవాడు.
చేతిలో పంగల పుల్ల, కాళ్లకు రబ్బరు బూట్లు,
జేబులో భార్య కట్టిచ్చిన జున్ను రొట్టె.
ముప్ఫై సార్లు నడిచాడు.
కళ్లు మూసుకుని చూపినా మూడు తగులుతాయి.
ఎనిమిది తగిలితే ఆగి ఆలోచిద్దామని
ముందే కాగితం మీద ఏడుగురం సంతకాలు పెట్టాం.

తొమ్మిది తగిలాయి.

పంగల పుల్లను నేను నమ్మను. ఇప్పటికీ నమ్మను.
ఐదు వందల ఆటల్లో ఒక్కసారి ఊరికే పడే సంఖ్య అది;
మన సంఘం ఇలాంటి పరీక్షలు అరవై పైనే పెట్టింది,
ఒకటి ఇలా పడితే పడొచ్చు.
పంపు అదురు మట్టిలోంచి ఆ బూట్లకు తెలిసి ఉండొచ్చు.
ఆ మాటైనా రాద్దాం అన్నాను.
మళ్లీ ఓసారి పెడదాం అన్నాను.

హిడ్డె కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
"పది అనుకున్నాం కదా?" అన్నాడు.
ఎవరూ తల ఎత్తలేదు.
కాగితం నా ఒళ్లోనే ఉంది. ఏడు సంతకాలు.
మూడోది అతనిదే, తోక పొడుగ్గా.
"ఇది బయటికి పొక్కితే పత్రికలవాళ్లు ఏం చేస్తారో తెలుసా?"
అంది కోశాధికారి యాకొమైన్,
బిస్కెట్ల పళ్లెం నా వైపు జరుపుతూ.

మనం పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.
నాలుగోది కనబడిందా,
లెక్క తప్పనుకోవాలి,
లేదా కోసెయ్యాలి.

ఇరవై రెండేళ్ల కిందట ఈ బల్ల దగ్గరికి ఎందుకొచ్చాను?
మా అమ్మ కంతిని చేతుల్తో తడిమి నయం చేస్తానని
ఒకడు మూడు నెలలు తినేశాడు.
ఆమెకు మిగిలినవే ఆరు.
ఆ కోపం అబద్ధం కాదు.
మనం పట్టిచ్చిన మోసగాళ్లు అబద్ధం కాదు.
సందేహం మనం పెంచుకున్న కుక్క.
దొంగను చూసి మొరిగేది.
ఇప్పుడు ఉత్తరాలు తెచ్చేవాణ్ణి చూసి మొరుగుతోంది,
ఇంట్లోవాళ్లు ఏం ఎత్తుకుపోయినా
తోక ఊపుతోంది.

సంచికలో ఒక్క వాక్యం వచ్చింది:
"చెప్పుకోదగ్గ ఫలితం లేదు."
అచ్చుతప్పులు దిద్దేది నేనే.
ఆ తప్పు దిద్దలేదు.

మార్చిలో ఫొక్కె నా తలుపు తట్టాడు.
తిడతాడనుకున్నాను.
క్షమాపణ నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాను.
కాగితం తీసి చూపించాను, సంతకాలతో సహా.
చాలాసేపు చదివాడు. టోపీని ఒళ్లో తిప్పుకుంటూ
అడిగింది ఒక్కటే:
"మిగతా ఇరవై ఒక్కసారీ నేనెందుకు తప్పాను?"

మన బల్ల దగ్గర ఏ చలికాలంలోనూ
అంత మంచి సందేహం ఎవరికీ రాలేదు.

శనివారం మళ్లీ వెళ్తున్నాం. కమిటీకి చెప్పలేదు.
పంపు కింద మందపాటి కంబళి పరుస్తాను.
నీళ్లు తిప్పడానికి తన మనవడు వద్దని
ఆయనే అన్నాడు.
పొద్దున్నే అయితే మోకాళ్లు పట్టేస్తాయట,
పదకొండుకు పెట్టుకున్నాం.
పాచికలు నా కోటు జేబులో ఉన్నాయి,
నడుస్తుంటే చప్పుడు చేస్తున్నాయి.